బ్రాండు మేడం ఫోటో

"మేడం, మా అక్క ఫోటో మీ కాడ ఏమన్నా ఉండాదా?" అని ఫోన్‌లో ఎవరో అబ్బాయి అడిగాడు. ఏ అక్క నాయనా అన్నాను. చెప్పాడు. ఏదో ఉద్యోగం దరఖాస్తుకు కాబోలనుకుని, "అర్జెంటా?" అన్నాను.

"ఎల్లుండి కర్మ మేడం. పీట మీద పెట్టేదానికి ఇంట్లో ఒక్క ఫోటో గూడా లే. ఆధార్ కార్డులోది అరిగిపోయి ముఖమే తెలీలా."

ఆవిడ చనిపోయిందని నాకు అలా తెలిసింది. స్టాఫ్ రూంలో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను అప్పుడు. మూత పెట్టకుండానే ఎర్రపెన్ను ఒళ్ళో పెట్టేసుకున్నట్టున్నాను, చీర మీద అరచేయంత మరక పడింది. ముప్పై నాలుగేళ్ళు ఆవిడకి. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు తిరుపతికి తీసుకొస్తుంటే దారిలోనే అయిపోయిందట. ఆ అబ్బాయి ఇవన్నీ చెబుతూనే ఉన్నాడు, నేను మాత్రం "ఫోటో చూస్తా నాయనా, చూస్తా" అని అదే మాట నాలుగుసార్లు అన్నాను.

తర్వాత నా ఫోన్ తిరగేశాను. ఆవిడ మా స్కూలుకి ఏడాదిన్నర పాటు ప్రతి శనివారం వచ్చింది. ఆవిడ తీసిన పిల్లల వీడియోలు నా దగ్గరే బోలెడున్నాయి. ప్రతి దాంట్లోనూ మొదట తెర అంచున ఒక చెయ్యి కనిపిస్తుంది. మూడు వేళ్ళు, రెండు, ఒకటి. ఆ తర్వాత "చెప్పు నాయనా" అని గొంతు. అంతే. వార్షికోత్సవం గ్రూపు ఫోటోలో ఆవిడ నిలబడాల్సిన చోట నల్ల గొడుగు ఒకటి తెరిచి ఉంది. ఇన్నాళ్ళూ ఆ గొడుగును నేను చూడనే లేదు.

ఆవిడ మా స్కూలుకి వచ్చిన పనే పిల్లల్ని నలుగురికీ కనిపించేట్టు చెయ్యడం. మా కరస్పాండెంటు చెన్నైలో ఏదో మీటింగుకు పోయొచ్చి, ఇక మీదట మన స్కూల్లో ప్రతి బిడ్డకూ ఒక పర్సనల్ బ్రాండు ఉండాలని ప్రకటించాడు. నాకు ఒళ్ళు మండింది. బ్రాండు అనేది సబ్బుకుంటుంది, అగరవత్తులకుంటుంది. ముక్కు తుడుచుకోవడం సరిగ్గా రాని ఎనిమిదో తరగతి పిల్లలకేమిటి? పైగా నా శనివారం తెలుగు పీరియడు తీసి ఆ క్లాసుకిచ్చారు. వచ్చే మనిషి కోటు వేసుకుని, ఎత్తుమడమల చెప్పులతో టకటకలాడుతూ వస్తుందనుకున్నాను. తీరా చూస్తే నేతచీర, రెగ్జిన్ సంచీ, మగవాళ్ళ నల్ల గొడుగు. పుత్తూరు వైపు నుంచి బస్సులో దిగి, ఆటో కూడా ఎక్కకుండా నడిచి వచ్చింది. పిల్లలు మొదటి రోజే బ్రాండు మేడం అని పేరు పెట్టేశారు. పేరు పెట్టడంలో పిల్లల్ని మించినవాళ్ళు లేరు కదా.

నా పీరియడు పోయిందన్న అక్కసుతో ఆ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒక కుర్రాడు లేచి, ఇంటర్నెట్‌లో చూసి బట్టీపట్టిన ఇంగ్లీషులో, తను పుట్టుకతోనే నాయకుడినని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బాగుండాది నాయనా," అంది ఆవిడ. "నిన్న ఏం చేసినావు?"

కుర్రాడు బిక్కమొహం వేశాడు.

"నాయకుడివి అయితే కానీలే. నిన్న సాయంత్రం బడి ఇడిసినాక ఏం చేసినావో అది చెప్పు."

"ఏం లే మేడం. మా తమ్ముడి సైకిల్‌ది చైను పడిపోయింటే ఎక్కిచ్చినా."

"ఎట్ల?"

అంతే, వాడు చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు. పెడలు ఎటు తిప్పాలో, వేలు ఎక్కడ పెడితే నలిగిపోతుందో, తమ్ముడు ఎంతసేపు ఏడిచాడో ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ ఆ చేతుల్నే వీడియో తీసింది. "అదే నీ బ్రాండు, పో" అంది. సైకిల్ చైనేనా మేడం అని వాడు నీరుగారిపోతే, "చైను కాదు. తమ్ముడేడస్తావుంటే వాడి పక్కన కూచున్యావు సూడు, అది" అంది.

ఏడాదిన్నరలో ఆవిడ నోట నేను అన్నిటికంటే ఎక్కువ విన్న మాట అదే. నిన్న ఏం చేసినావు? నేను కష్టజీవిని అని ఏ పిల్లయినా అంటే, నిన్న ఏం చేసినావు? నాకు దేశసేవ అంటే ఇష్టం అంటే, నిన్న ఏం చేసినావు? ఒకసారి కరస్పాండెంటు క్లాసులోకి వచ్చి క్రమశిక్షణే తన బ్రాండని చెప్పుకుంటుంటే, వెనకనుంచి ఎవరో పిల్లకాయ సన్నగా "నిన్న ఏం చేసినారు సార్" అన్నాడు. నేను పళ్ళు బిగబట్టి నవ్వాపుకున్నాను.

వీడియో తీయడంలో ఆవిడకొక పట్టుదల ఉండేది. ముందు గొంతు రావాలి. తర్వాత చేతులు. ముఖం చిట్టచివర్న, అదీ క్లాసు వరకే. ఎవరైనా ఆవిడ వైపు ఫోన్ ఎత్తితే చాలు, కొంగు తీసి ముఖం తుడుచుకునేది. కార్తీకమాసంలో కూడా "చెమట పట్టింది మేడం" అనేది. మధ్యాహ్నం నాతోపాటే తినేది. సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి తెచ్చేది, సగం నా డబ్బాలో పెట్టేది. పెళ్ళి మాట ఎత్తితే, "వచ్చేవాళ్ళంతా ముందు ఫోటో పంపమంటారు. నేను పంపను. ఆడికాడికి సరిపోతాది" అని నవ్వేది. నల్లటి మనిషే కానీ కళ గల ముఖం. ఏమిటమ్మా ఈ పంతం అని విసుక్కునేదాన్ని.

ఇంకో అలవాటు ఉంది. సాయంత్రం బస్టాండు దాకా ఇద్దరం నడిచేవాళ్ళం. మన తిరుపతిలో ఫ్లెక్సీలకు కొదవా? పుట్టినరోజు ఫ్లెక్సీ, పెళ్ళి ఫ్లెక్సీ, చెవులు కుట్టించే ఫ్లెక్సీ, చావు ఫ్లెక్సీ. ప్రతి దాని ముందూ ఆగి, పైకి చదివేది. నెమ్మదిగా, ఒక్క అక్షరం వదలకుండా, కింద శుభాకాంక్షలు చెప్పిన మిత్రబృందం పేర్లతో సహా. పక్కన ఎవరైనా ముసలివాళ్ళు నిలబడి ఉంటే మరీ గట్టిగా చదివేది. "తాతా, ఇది ఆయప్ప పుట్టినరోజుది, సావుది కాదు" అని విడమరిచి చెప్పేది. దారిన పోయేవాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. "ఒకటో తరగతి పిల్లలాగ ఈ చదువుడేందమ్మా, బస్సు పోతుంది పద" అని చెయ్యి పట్టి లాగేదాన్ని. లాగినా పూర్తిగా చదివాకే కదిలేది.

ఇక ఆ రోజు సంగతి. రాయకుండా దాటేయాలని ఉంది కానీ అది రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

తొమ్మిదో తరగతిలో ఒక పాప ఉండేది. వాళ్ళ నాన్న నగరిలో మరమగ్గాలు నడిపి, అవి ఆగిపోతే తిరుపతికొచ్చి బట్టలకొట్లో చేరాడు. పాప నోరు విప్పేది కాదు. నిన్న ఏం చేసినావు అంటే ఏం లే మేడం అనడం, కూర్చోవడం. ఆవిడ ఏడు శనివారాలు అదే ప్రశ్న అడిగింది. ఎనిమిదో శనివారం ఆ పిల్ల, "ఆదివారమైతే నగరికి పోతాం మేడం. మా మామ మగ్గాల షెడ్డు ఉండాది. పోగు తెగితే మగ్గం ఆగిపోతాది గదా, యాడ తెగిందో కనుక్కోని నేను ముడేస్తా. ముడి ఏసినట్టు తెలీకూడదు" అంది. రెండు దారప్పోగులు తెప్పించి, ముడి వేసే ఆ వేళ్ళను ఆవిడ వీడియో తీసింది. నిమిషం వీడియో. తల్లిదండ్రుల ఫోన్లన్నీ తిరిగింది. ఆ వేళ్ళను చూసి నేను కూడా, నా అక్కసంతా మరిచిపోయి, మళ్ళీ మళ్ళీ చూశాను.

కరస్పాండెంటు ఉబ్బిపోయాడు. అడ్మిషన్ల సీజను. ఆ పాప ముఖంతో బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దామన్నాడు. స్కూలు ఫ్లెక్సీలకు మాటలు రాసేది ఎప్పుడూ నేనే కాబట్టి నన్నూ గదిలోకి పిలిచాడు. పాప తలుపు దగ్గర నిలబడి ఉంది, ముఖం వెలిగిపోతోంది.

"చేతులు వెయ్యండి సార్. ముఖం వద్దు," అంది ఆవిడ.

"బ్రాండంటే ముఖం కాదా మేడం?" అన్నాడు ఆయన.

"బిడ్డ ముఖం రోడ్డు మీద వద్దు సార్. కట్టేవాడు యాడ కడతాడో, ఎట్ల కడతాడో మనకు తెలీదు."

వాతావరణం తేలిక చేద్దామని నేను నా కథ ఎత్తుకున్నాను. నేను ప్రతి స్టాఫ్ రూంలోనూ చెప్పే కథ అది. పెళ్ళయిన కొత్తలో పుత్తూరులో కాపురం ఉండి రోజూ ఎనిమిదింటి బస్సులో తిరుపతికి వచ్చేదాన్ని. ఒక ఎండాకాలం పొద్దున బస్టాండులో రెండు ఫ్లెక్సీలు పక్కపక్కన కనిపించాయి. ఫ్లెక్సీ షాపువాడు ఫోటోలు తారుమారు చేశాడు. కట్టే కుర్రాళ్ళు రాత్రికి రాత్రి కట్టేసి పోయారు. బోసినోటి అవ్వకేమో పదో తరగతిలో స్కూల్ ఫస్టు వచ్చినందుకు శుభాకాంక్షలు! రెండు జడల పిల్లకేమో దండ, దీపాలు, కన్నీటి నివాళి! కింద రాసిన మాటలు నాకు నోటికొచ్చు. బస్సులో అందరికీ చదివి వినిపిస్తే బస్సంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కరస్పాండెంటు కూడా కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు.

"కింద ఏం రాసిండారు మేడం?" అని అడిగింది ఆవిడ.

నేను రాగయుక్తంగా మొత్తం అప్పజెప్పాను.

"బాగా గుర్తు పెట్టుకున్నారే," అంది. "ఆ రెండు జడల పాప ఏమైందో?"

"ఏమవుతుంది, ఏ బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. తారుమారైతే తీసేసి మళ్ళీ కడతారు. దీనికింత భయమెందుకమ్మా? పిల్ల సంతోషానికి అడ్డం పడతావా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఇది నాకు బాగా గుర్తు, నిజంగానే నవ్వింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. తలుపు దగ్గర పాప ఏడుపు ముఖం పెట్టి, "నా ముఖం బాగలేదనా మేడం వద్దంటాండారు?" అంది. ఆవిడ పోయి ఆ పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీ ముఖం బంగారట్ల ఉండాది తల్లీ. అందుకే" అంది. సంచీ, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. వచ్చే శనివారం నుంచి ఆవిడ క్లాసు లేదని కరస్పాండెంటు నోటీసు పెట్టాడు. నాకు నా తెలుగు పీరియడు తిరిగొచ్చింది. ఫ్లెక్సీకి మాటలు నేనే రాశాను.

ఫ్లెక్సీ రెండు నెలలుంది. తర్వాత ఎవరో విప్పుకుపోయి కోడికూర అంగడి మీద వాన పడకుండా కప్పుకున్నారు. ముఖం పైకి ఉంది. ఆ పాప ఇప్పుడు స్కూలుకి చుట్టుతిరిగి వేరే సందులోంచి వస్తుంది. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. ఆవిడకు ఒక ఫోన్ చేసి పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. తప్పు ఒప్పుకోవాలంటే నాకు ఫోన్ బరువైపోతుంది. అది నా గుణం.

ఫోన్ వచ్చిన మర్నాడు, ఏ చీర కట్టుకున్నానో కూడా చూసుకోకుండా, ఆ మరక చీరతోనే వడమాలపేట దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను. బస్సు దిగిన చోటికి తమ్ముడు వచ్చాడు, మీసాలు సరిగ్గా రాని మనిషిలా ఉన్నాడు కానీ పాతికేళ్ళుంటాయి. ఇంటి ముందు షామియానా, పది కుర్చీలు. ఫ్లెక్సీ లేదు. మా వైపు చావింటి ముందు ఫ్లెక్సీ లేకపోవడం నేను చూడలేదు.

"ఫోటో దొరకలేదు నాయనా," అన్నాను. "ఒక్కటి కూడా లేదు. ఎందుకట్లా?"

అతను నన్ను పశువుల కొట్టం పక్కకు తీసుకెళ్ళాడు. "మీకు తెలిసిన కతే గదా మేడం. అక్క చెప్పింది, మీరు ఆ కత బో బాగా చెప్తారంట."

నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. కొట్టం గుంజ పట్టుకున్నాను.

"ఆ రెండు జడల పాప అక్కే మేడం. అప్పుడు నాకు ఏడేండ్లు. అక్క పుత్తూరు హాస్టల్లో ఉండె. ఇంటర్ కోచింగని ఎండాకాలం గూడా ఇంటికి పంపలా. స్కూల్ ఫస్టు వచ్చిందని తెలిసి, నాయన మామిడిపండ్లు ఎత్తుకోని పొద్దున ఎనిమిది గంటలకు బస్టాండులో దిగినాడు. ఎదురుగా అక్క ముఖం. దండేసిండాది, దీపాలుండాయి. నాయనకు చదువు రాదు మేడం. ఆడనే కూలబడినాడు. మళ్ళ లెయ్యలా."

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నేను పుత్తూరులో బస్సు దిగినప్పుడు, పొద్దున ఎవరో పల్లెటూరాయన ఎండదెబ్బకు పోయాడని సోడా బండి దగ్గర అనుకుంటున్నారు. అయ్యో పాపం అనుకుని ఇంటికెళ్ళి వంట చేసుకున్నాను. ఎండాకాలమైనా ఎనిమిది గంటలకు ఎండదెబ్బేమిటని కూడా నాకు తట్టలేదు. ఫ్లెక్సీ కథ ఇన్నేళ్ళూ చెప్పాను. అదే రోజు, అదే బస్టాండు, ఆ రెండు సంగతుల్నీ ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. అందరి ముందూ రాగం తీసి అప్పజెప్పానే, ఆవిడ అడిగితే అప్పజెప్పానే! విని నవ్విందే ఆ పిల్ల!

"అమ్మ కాడ మాత్రం ఏం అనొద్దండి మేడం," అన్నాడు తమ్ముడు. "ఊరంతా నవ్విందని అమ్మకు తెలీదు. అక్క తెలీనియ్యలేదు."

లోపల పీట మీద ఫోటో ఉండాల్సిన చోట రెగ్జిన్ సంచీ పెట్టి దానికి పూలమాల వేశారు. గోడకు నల్ల గొడుగు ఆనించి ఉంది. వాళ్ళమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది, సన్నటి మనిషి. నేను ఎవరో కొడుకు చెప్పాడు. పక్కన కూర్చుని ఫోన్ తీసి వీడియో పెట్టాను. మూడు వేళ్ళు, రెండు, ఒకటి. "చెప్పు నాయనా. నిన్న ఏం చేసినావు?"

ఆమె తెర మీద ఆ వేళ్ళను తాకింది. తాకితే వీడియో ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తాకింది. అట్లా ఎన్నిసార్లో.

కాసేపటికి ఆమె నా చీర మీది ఎర్రమరకను చూసింది. "మీరు తెలుగు సెప్పే మేడమా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను.

"మీరు పుత్తూరులో ఉండ్రంట గదా ఆ కాలంలో. నా బిడ్డ సెప్పింది. అయితే ఒగటి అడుగుతా. ఆపొద్దు బస్టాండులో నా బిడ్డ బొమ్మ కింద ఏమో రాసిండ్రంట. ఏం రాసిండ్రో ఇంతవరకు నాకు ఎవురూ సదివి సెప్పలా. బిడ్డనడిగితే గుర్తు లేదనేది. మీకేమన్నా తెలుసునా తల్లీ?"

తమ్ముడు గుమ్మంలో నిలబడిపోయాడు. తెలియదని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. జీవితంలో మొదటిసారి ఆ మాటల్ని రాగం లేకుండా చెప్పాను.

"నిండు నూరేళ్ళు బతికి, కొడుకులు, కోడళ్ళు, మనవలు, మునిమనవరాళ్ళు చుట్టూ ఉండగా, ఏ నొప్పీ తెలియకుండా వైకుంఠం చేరుకున్న మా అవ్వకు కన్నీటి నివాళి."

ఎవరూ నవ్వలేదు. ఆమె పెదవులు కదుపుతూ మాటలన్నీ కూడదీసుకుంది.

"మునిమనవరాళ్ళు గూడానా?"

"అవునమ్మా."

"నా బిడ్డకు మంచి మాటలే రాసిండ్రి," అంది. సంచీ మీది పూలమాల సరిచేసింది. "ఆపొద్దు బస్టాండులో సదువొచ్చినోళ్ళు అంతమంది ఉండ్రి గదమ్మా. ఒకరన్నా దిగొచ్చి ఇదే మాట మా ఇంటాయనకు సదివి సెప్పింటే, అవ్వది లే, నా బిడ్డది కాదులే అని లేసి నడిసొచ్చుండు."

నేను ఆ పొద్దున ఎనిమిదింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. బస్సు కదిలే లోపు పైనుంచి కిందిదాకా రెండుసార్లు గట్టిగా చదివాను.